ఒక్క పోగు తెగితే ఆగే బడి

సూరత్‌ ఖటోదరాలో ఒక పాత నూలు గోదామును ఇరవై ఏళ్లకు పైగా పసిపిల్లల బడిగా నడిపిన రాజవ్వ గారు గత మంగళవారం ఉదయం గుండెపోటుతో కన్నుమూశారు. ఆ వార్త నాకు చెప్పింది ఆమె భర్త మల్లేశం గారు. ఆల్థాన్‌లో మా అపార్ట్‌మెంటు మెట్లు దిగుతూ ఫోను ఎత్తాను. "మేడం, దవాఖాన్ల ఉన్నం. పొద్దుగాల ఛాతీల నొప్పి అన్నది. తీస్కచ్చేవరకే పానం పోయింది" అన్నారు. ఆయన గొంతులో ఏడుపు లేదు, చెప్పాల్సింది చెప్పి పెట్టేశారు. నేను మెట్లన్నీ దిగి, ఎందుకు దిగానో తెలియక మళ్లీ ఎక్కి, మళ్లీ దిగాను. చేతిలో ఆమె బడి కోసం కొన్న రంగు కాగితాల సంచి ఉంది.

అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఈ వ్యాసం కూడా వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని నిలబడే రాస్తున్నాను. సంపాదకులు రెండు పేజీల సంస్మరణ అడిగారు. దివంగతురాలి సేవానిరతి, నిరాడంబరత, ఆమె లేని లోటు, ఇవన్నీ ఉండాలి. ఉంటాయి, వాటికి ఆమె నూటికి నూరుపాళ్లు అర్హురాలు. కానీ అంతకంటే ముందు రాయాల్సింది ఒకటుంది. రాజవ్వక్కకు నేను ఒక అపకారం చేశాను. బతికున్నన్నాళ్లూ ఆమె దాన్ని తన రెండు చేతులతో అడ్డుకుంటూ వచ్చింది. ఆమె పోగానే అది కుని అనే ఐదేళ్లు నిండని పిల్ల మీద పడబోతోంది.

కుని ఒడియా పిల్ల. తండ్రి పూర్ణ మరమగ్గం నడుపుతాడు. ఎనిమిదిమంది మగ్గం పనివాళ్లు కలిసి ఉండే మెస్సులో తల్లి వంట చేస్తుంది. కునికి వినపడదు. గదికి అద్దె కట్టే ట్రస్టు వచ్చే నెల నుంచి ఆ పిల్లను బడిలో ఉంచుకోబోమని చెప్పింది. అందుకు వాళ్లు చూపిస్తున్న ఆధారం ఏడాదిన్నర కిందట నేను సంతకం చేసి ఇచ్చిన కాగితం.

ఆ కాగితం సంగతికి వస్తాను. ముందు అక్క ఎవరో చెప్పాలి. 'గారు' అని రాస్తుంటే ఎవరో వేరే మనిషి గురించి రాస్తున్నట్టుంది, అందుకని ఏకవచనాన్ని పాఠకులు మన్నించాలి.

రాజవ్వక్కది సిరిసిల్ల వైపు పల్లె. పెళ్లయిన ఏడాదికే భర్త వెంట సూరత్ వచ్చింది. ఆయన సాంచాల మీద పని. మరమగ్గాలను ఆ వైపు వాళ్లు సాంచాలంటారు. ఆమె అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. కార్ఖానాలో పనిచేసే తల్లులు పసివాళ్లను నూలు మూటల పక్కన పడుకోబెట్టుకునేవారట. ఒకరోజు ఆమె యజమాని దగ్గరికి వెళ్లి, ఖాళీగా ఉన్న గోదాము ఇమ్మని అడిగింది. "నేను పున్నెం అని అడగలే. పోరలు బెల్టుల చెయ్యి పెడ్తే లొల్లి నీకే సేఠ్ అన్న. గప్పుడు తాళం ఇచ్చిండు" అని ఆమె నవ్వుతూ చెప్పేది. మొన్న సంతాప సభలో ఎవరో దీన్ని 'మహోన్నత సంకల్పం' అన్నారు. ఆమె విని ఉంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ గదిలో ముప్ఫైమంది పిల్లలు. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, మరాఠీవాళ్లు, యూపీ బీహారుల నుంచి వచ్చినవాళ్లు, పక్క వీధి గుజరాతీ వాచ్‌మన్ పిల్లలు. మూడేళ్ల పిల్లకు ఇంటి భాష ఒక్కటే వస్తుంది. బడిలో అడుగు పెట్టగానే దాహం వేస్తోందని చెప్పడానికి కూడా మాట ఉండదు. పైగా గోడకు అవతల సాంచాలు. ఆ మోతలో పక్కనున్న మనిషి మాటే వినపడదు. సాంచాల మధ్య పనిచేసేవాళ్లు ఎప్పటినుంచో చేతులతో మాట్లాడుకుంటారు. రెండు చూపుడువేళ్ల కొనలు తాకించి విడదీస్తే పోగు తెగిందని అర్థం. పిడికిలి బోర్లించి తెరిస్తే కండె అయిపోయిందని. మణికట్టు గుండ్రంగా తిప్పితే సాంచా నడిపించమని. అక్క ఆ సైగలనే గదిలోకి తెచ్చుకుంది. కండె అయిపోయిందన్న సైగ చేస్తే గిన్నెలో అన్నం అయిపోయిందన్నమాట. ఏ ఊరి పిల్లయినా నాలుగు రోజుల్లో నేర్చుకునేది, ఎందుకంటే చాలామంది నాన్నలు ఇంట్లో కూడా అలవాటుగా అవే సైగలు చేస్తారు.

అన్నిటికంటే పెద్ద సైగ తెగిన పోగుది. ఎవరికి ఏ కష్టం వచ్చినా, దెబ్బ తగిలినా, ఆట అర్థం కాకపోయినా, ఎవరూ పక్కన కూర్చోనివ్వకపోయినా, రెండు వేళ్లు తాకించి విడదీయాలి. అది చూసిన క్షణంలో గదిలో అందరి పనీ ఆగిపోవాలి. ఆ పిల్ల ఎవరివైపు చూస్తే వాళ్లు లేచి వెళ్లి ముడి వెయ్యాలి. ఆ ముడికి కూడా ఒక పద్ధతుంది. ఒక చెయ్యి అడిగినవాళ్లది, ఒక చెయ్యి వచ్చినవాళ్లది. ఇద్దరి బొటనవేళ్లూ చూపుడువేళ్లూ ఒకదాని కిందుగా ఒకటి మెలిపడాలి. అప్పుడు కష్టం ఏమిటో కనుక్కుని సరిచెయ్యాలి. అంతవరకు కథ లేదు, ఆట లేదు, అన్నం కూడా లేదు.

ఇక నా సంగతి. మా వారు హజీరాలో ఇంజనీరు. నాది గోదావరి జిల్లా. శిశువిద్యలో డిప్లొమా ఉంది, ఇంగ్లీషు మీడియం నర్సరీలో పనిచేశాను. పిల్లలకు ఏం కావాలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదన్న నమ్మకం కూడా దండిగా ఉండేది. ట్రస్టువాళ్లు ఈ గదిని చూసి నివేదిక ఇమ్మన్నారు. మొదటిసారి లోపలికి వెళ్లగానే ముప్ఫైమంది పిల్లలూ ఒకేసారి పొట్ట మీద చెయ్యి గుండ్రంగా రాసుకున్నారు. పాపం ఆకలి మీద ఉన్నారనుకుని, మర్నాడు మూడు డజన్ల అరటిపళ్లు తీసుకెళ్లాను. మళ్లీ అదే సైగ. వారం పాటు పళ్లు మోశాను. అది 'సేఠ్ వస్తున్నాడు, జాగ్రత్త' అన్న సైగ అని నాకు తెలిసేసరికి ఆరు నెలలు పట్టింది. ముందే ఎందుకు చెప్పలేదని అక్కను అడిగితే, "పోరలు పండ్లు తింటున్నరు గదా, ఎందుకు చెప్తా" అంది.

ఆ మొదటి వారంలోనే ఒక గొడవ కూడా అయింది. నేను పువ్వుల బొమ్మలు పట్టుకుని రంగుల పేర్లు చెప్పిస్తుంటే గంటలో నాలుగుసార్లు ఎవరో ఒకరు వేళ్లు విడదీశారు. నాలుగుసార్లూ గది మొత్తం ఆగింది. నాకు ఒళ్లు మండింది.

"ఇలా మాటిమాటికీ ఆపుకుంటూ పోతే వీళ్లకి అక్షరాలు ఎప్పుడొస్తాయండీ?" అన్నాను.

"జర ఆగుండ్రి మేడం. వస్తయి."

"ఒక్కళ్ల కోసం ముప్ఫైమంది ఆగాలా?"

ఆమె తన చీర చెంగు నా ముందు పరిచింది. "ఒక్క పోగు తెగితే గుడ్డ ఆగదు మేడం, నేస్తనే పోతది. గని ఆడ గీత పడ్తది. ఆ గీత కొస దాంక పోతది. మల్ల ఎన్ని ముడులేసినా ఎన్కటిది పోదు. గందుకే ముందే ఆపాలె" అంది. నేను తల ఊపాను. తల ఊపడం వేరు, వినడం వేరు.

ఇంటికి వచ్చి నివేదిక రాశాను. 'పిల్లలలో భాషాభివృద్ధి సంతృప్తికరంగా లేదు. ఉపాధ్యాయురాలు సంజ్ఞలతో నెట్టుకొస్తున్నారు. బోధనకు తరచు అంతరాయం కలుగుతోంది. వెనుకబడిన పిల్లలను వేరుచేయడం మంచిది.' చక్కటి దస్తూరితో రాశాను. ఆ చివరి వాక్యం రాసి కలం మూత పెట్టినప్పుడు, మంచి పని చేశానన్న తృప్తి కూడా కలిగింది. ఈ వారం రోజుల్లో ఆ వాక్యం ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు.

నివేదిక ఇచ్చాక కూడా నేను ఆ గదికి వెళ్లి పాఠాలు చెబుతూనే ఉన్నాను. ఇంతలో ట్రస్టు నుంచి ఉత్తర్వు వచ్చింది. సైగలు మానాలి, అంతా నోటితోనే చెప్పించాలి, సాంచాల మోత రాకుండా కిటికీలు మూసి ఉంచాలి. అక్క ఎదురు చెప్పలేదు. కిటికీలు మూసిన ఆ ఉక్కలో పిల్లలు పాటలు అరిచారు. మూడో రోజుకు కుని గుమ్మం దగ్గరికి జరిగింది. వారం తిరిగేసరికి గోడవైపు తిరిగి కూర్చుంది. నేను వెనకనుంచి పేరు పెట్టి పిలిచాను, గిలక మోగించాను, చప్పట్లు కొట్టాను. ఆ పిల్ల తిరగలేదు. అప్పుడు అర్థమైంది నాకు. అంతకుముందు కుని ముప్ఫైమందిలో ఒక పిల్ల. చేతులు ఆగిన రోజే ఆమె చెవిటిదైంది.

"మీకు ముందే తెలుసా?" అని అక్కను నిలదీశాను.

"తెల్వకేం? వచ్చిన రోజే తెల్సింది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తే ఏం జేస్తుండె? గా పిల్లకు ఏరే కుర్చీ ఏస్తుండె. ఇప్పుడు జూడు, ఎవ్వలు ఎయ్యకముందే గోడకాడ ఏసుకున్నది." అప్పుడే మొదటిసారి ఆమె నాతో ఏకవచనంలో మాట్లాడింది, కోపంగా కాదు. తర్వాత లేచి కిటికీలు తెరిచింది. పిల్లల ముందు నిలబడి మణికట్టు గుండ్రంగా తిప్పింది. ఆ తర్వాత ఉత్తర్వు సంగతి ఆమె నోట మళ్లీ రాలేదు. పై నుంచి ఎవరైనా వస్తే పిల్లలు పొట్టలు రాసుకుని పాటలు అందుకునేవారు. నేను కూడా కనిపెట్టనట్టు నటించాను. నా నివేదిక తప్పని ట్రస్టుకు ఒక ఉత్తరం రాయాల్సింది. రాస్తాను, రాస్తాను అనుకుంటూ వాయిదా వేశాను. నా తప్పును నేనే కాగితం మీద పెట్టుకోవడానికి మొహం చెల్లలేదు, అసలు కారణం అదే.

ఆమె తీరు తెలియాలంటే ఇంకొక ముచ్చట చెప్పాలి. ట్రస్టువాళ్లు 'నా కుటుంబం' అని ఒక పెద్ద బొమ్మ పంపారు. అందులో టై కట్టుకున్న నాన్న, కుర్చీలో అమ్మ, ఇద్దరు పిల్లలు, పూలతోట. పిల్లలు దాన్ని చూసి సేఠ్ ఇల్లు అన్నారు. అక్క కత్తెర తీసుకుంది. నాన్న కాళ్లకు కాగితం లుంగీ అంటించి చేతికి టిఫిన్ డబ్బా ఇచ్చింది. కుని వచ్చి వేళ్లు విడదీసింది. తన ఇంట్లో అమ్మా నాన్నే కాదు, మెస్సులో ఇంకా ఏడుగురు మగవాళ్లున్నారు. అక్క ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ఏడుగురిని కత్తిరించింది. ఒకరికి మీసం, ఒకరికి బట్టతల, ఒకరికి కుని చూపించినట్టు పెద్ద చెవులు. నేను ఇదేం కుటుంబమండీ అని నవ్వాను. "ఏడ్గురు బువ్వ వెట్టి ఎత్తుకుంటుంటే ఆ పిల్లకు అది ఇల్లు కాదా?" అంది. ఆ బొమ్మ ఇప్పటికీ గోడ మీదే ఉంది.

ట్రస్టు అతిథులు వచ్చిన ప్రతిసారీ అక్క పిల్లలతో స్వాగతం ఒక్కో భాషలో చెప్పించేది. ఒకసారి ఒడియా, ఒకసారి మా తెలుగు, ఒకసారి భోజ్‌పురి. గుజరాతీలో చెప్పిస్తే వాళ్లకు సులువు కదా అని నేనంటే, "రోజూ పోరలే తిప్పల పడాల్నా? ఇయ్యాల పెద్దోల్లు పడనీ" అని సమాధానం. అర్థం కాక నవ్వుతూ నిలబడ్డ ఆ పెద్దలను చూసి పిల్లలు ఎంత మర్యాదగా ఓపిక పట్టేవారో.

పోయిన నెలలో ఒకరోజు ఆమె ఆయాసపడుతూ నా పక్కన కూర్చుంది. అప్పటికి నన్ను మేడం అనడం మానేసింది. "చెల్లె, ముడి నేర్చుకో. నువ్వు చూసుడే గని ఎయ్యవు" అంది. పది రోజులు పల్సానాలో బంధువుల పెళ్లి పనులున్నాయని, వచ్చాక నేర్చుకుంటానని చెప్పాను. పల్సానా నుంచి తిరిగి వచ్చి కూడా రెండు వారాలైంది. ఆమె మళ్లీ అడగలేదు, నేను గుర్తు చేయలేదు.

మొన్న శనివారం ఉదయం ఆ గదిలోనే సంతాప సభ జరిగింది. పాళీ, అంటే షిఫ్టు, మారే వేళ కావడంతో దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు, నాన్నలందరూ తలల మీద దూది పీచుతో వెనక గోడ పొడుగునా నిలబడ్డారు. పిల్లలు చాపల మీద ఉన్నారు. అక్క కూర్చునే పొట్టి పీట మీద ఆమె ఫోటో పెట్టి దండ వేశారు. మల్లేశం గారు ఆ పీట పక్కనే నేల మీద కూర్చున్నారు. వక్తలు త్యాగమూర్తి అన్నారు, దేవత అన్నారు. ఆమె మనిషి. బీపీ మాత్రలు మర్చిపోయేది, చాయ్‌లో నాలుగు చెంచాల చక్కెర వేసుకునేది, అబద్ధాలు కూడా చక్కగా ఆడేది.

చివరగా ట్రస్టు కార్యదర్శి మాట్లాడారు. ఆయన చెడ్డవారు కారు. ఆమె స్మృతిగా గదిని ఆధునికంగా తీర్చిదిద్దుతామని, శిక్షణ పొందిన టీచరును వేస్తామని, ప్రత్యేక అవసరాలున్న ఒకరిద్దరికి 'వాళ్లకు తగిన చోటు' చూడమని తల్లిదండ్రులకు చెబుతామని అన్నారు. ఆ చోటు ఎక్కడుందో ఆయనకూ తెలియదు. మెల్లగా నావైపు తిరిగి, "మేడమే అప్పట్లో ఈ సలహా ఇచ్చారు" అని చెయ్యి చూపించారు. పూర్ణ వెనకనుంచి రెండడుగులు ముందుకు వచ్చి నన్నే అడిగాడు. "మేడమ్‌జీ, కుని కో నికాల్ దోగే క్యా?" తీసేస్తారా అని. అరవలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

అప్పుడు కుని లేచింది. ఆ పిల్లకు మాటలు వినపడలేదు, ఆ పీట మీద మనిషికి బదులు ఫోటో ఉండటం మాత్రం కనపడింది. పీటవైపు చూసి, రెండు చూపుడువేళ్లు తాకించి విడదీసింది.

ముప్ఫైమంది పిల్లలూ ఉన్నవాళ్లు ఉన్నట్టే ఆగిపోయారు. చేతిలో బిస్కట్లు నోటిదాకా వెళ్లలేదు. వెనక గోడ దగ్గర నాన్నలందరూ ఒక్కసారిగా కదిలారు. జీవితమంతా ఆ సైగ చూడగానే మగ్గం దగ్గరికి పరుగెత్తినవాళ్లు వాళ్లు. కార్యదర్శి ఒక్కరే ఇంకా మాట్లాడుతున్నారు. కుని గదంతా చూసి, చివరికి చూపును నా మీద నిలిపింది. ఎందుకు నా మీద నిలిపిందో నాకు తెలియదు. అరటిపళ్లు తెచ్చానన్న కృతజ్ఞత కావచ్చు.

"ఆపండి" అన్నాను. ఆయన ఆపలేదు. "సార్, ఆపండి. ఇక్కడ పోగు తెగింది" అని గట్టిగా అన్నాను. ఆపారు. ఆ కాగితం నేను రాసిందేనని, అది తప్పని, తెలిసీ ఇన్నాళ్లు నోరు మూసుకున్నానని అందరి ముందు చెప్పాను. ముందు హిందీలో చెప్పాను, మల్లేశం గారి కోసం తెలుగులో చెప్పాను. వెనక్కి తీసుకుంటున్నట్టు అక్కడే అక్క హాజరు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాసిచ్చాను. కుని ఈ గదిలో కూర్చోకపోతే నేనూ రానని అన్నాను. నా బెదిరింపు ఎవరికీ లెక్క కాదని తెలుసు. నాన్నలు ఎవరూ గోడ దగ్గరికి తిరిగి వెళ్లలేదు. కార్యదర్శి కాగితం మడిచి జేబులో పెట్టుకుని "చూద్దాం" అన్నారు. ఆ మాటకు అర్థమేమిటో ఈ రోజుకూ తెలియదు.

ఆ తర్వాత కుని దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను. తన చెయ్యి చాపింది. నేను నా చెయ్యి కలిపాను. వేళ్లు ఎటు తిప్పాలో తెలియలేదు, తప్పు వేశాను. విప్పి మళ్లీ వేశాను, మళ్లీ తప్పే. ఆ పిల్ల కాసేపు చూసింది. తన రెండో చేత్తో నా బొటనవేలు పట్టుకుని కిందికి వంచింది.

ఈ ఉదయం మల్లేశం గారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. "నాకు పాళీ ఉన్నది మేడం. పోరలు వస్తరు, ఆల్లకు తెల్సు" అని వెళ్లిపోయారు. గది తెరిచాను. కిటికీలన్నీ తెరిచాను. పిల్లలు వచ్చారు, కుని వచ్చింది. పీట మీద నేను కూర్చోలేదు, ఎవరినీ కూర్చోనివ్వను. ఆరు భాషల పిల్లల ముఖాలు ఒక్క చూపులో చదివిన ఆ కళ్లు మళ్లీ రావు. శిక్షణ ఉన్నవాళ్లు వందమంది దొరుకుతారు. గది మొత్తాన్ని ఒక్క పిల్ల కోసం ఆపగల ధైర్యం ఉన్న మనిషి మాకు ఒక్కతే ఉండేది. పొద్దున్నుంచి పదకొండుసార్లు పోగు తెగింది, పదకొండుసార్లూ నేను తడబడ్డాను.

అక్కా, నీకు నా నమస్కారం. సాంచా ఆపడం వచ్చింది. ముడి ఇంకా జారుతోంది, కుని నేర్పుతోంది.